మాణిక్యమ్మ పట్టుకున్న చెయ్యి

ఆ ఏడాది గుంటూరు మార్కెట్ యార్డుకి కొత్త మిర్చి దిగిన వారమే మా థియేటర్ ఆర్ట్స్ ఎం.ఎ. ఆఖరి సెమిస్టరు మొదలైంది. ఆ సెమిస్టర్లో మాకు రాత పరీక్షలు లేవు. ఒక్కొక్కరూ ఒక నాటకం తయారుచేసి యూనివర్సిటీ ఆడిటోరియంలో జనం ముందు ఆడించాలి. అదే పరీక్ష. మిగతావాళ్ళు ఏ నాటకం వెయ్యాలా అని లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే నేను మాత్రం నిమ్మళంగా ఉన్నాను. నా కథ మా ఇంట్లోనే ఉంది. నా కథ మా అమ్మ.

మా అమ్మ ప్రేమమ్మ మిరపకాయలకి తొడిమలు తీసే కూలి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిలవ చేసే కోల్డ్ స్టోరేజీలని మా దగ్గర అందరూ ఏసీలనే అంటారు. ఆరేళ్ళ క్రితం అమ్మ పనిచేస్తున్న ఏసీకి నిప్పంటుకుంది. దాన్ని ఆనుకుని ఉన్న షెడ్డులో తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళంతా బయటికి పరిగెత్తారు. ఒక్క మాణిక్యమ్మ రాలేదు. పన్నెండేళ్ళుగా అమ్మ పక్కన కూర్చుని పనిచేసిన మనిషి. ఆమె కోసం అమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. తీసుకురాలేకపోయింది. ఫైరింజను వాళ్ళు వచ్చేసరికి అమ్మ షెడ్డు వెనక గుమ్మంలో, గడప మీద, తల లోపలివైపు పెట్టి పడి ఉంది. బతికింది గానీ మిర్చి పొగ ఆమె గొంతుని కాల్చేసింది. అంతకుముందు మా చర్చిలో పాట ఎత్తుకునేది అమ్మే. ఇప్పుడు ఆమె మాట్లాడితే ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టుంటుంది.

ఇదీ మా కాలనీలో అందరికీ తెలిసిన కథ. మా నాన్న సంజీవరావు యార్డులో హమాలీ. బస్తా దించిన ప్రతి లారీ దగ్గరా ఈ కథ చెప్పాడు. పాస్టరు గారు ప్రసంగంలో చెప్పారు. మాణిక్యమ్మ భర్త యలమందయ్య కూడా నాన్న ముఠాలోనే బస్తాలు మోస్తాడు. అమ్మని చెల్లెమ్మా అంటాడు కాబట్టి నాకు మామయ్య. ఏటా మాణిక్యమ్మ పోయిన రోజున మా ఇంటికొచ్చి, నాలుగు కమలాలో అరడజను అరటిపళ్ళో అమ్మ చేతిలో పెట్టేవాడు. "దాని కోసం వెనక్కి తిరిగింది నువ్వొక్కదానివే చెల్లెమ్మా" అనేవాడు. కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవాడు. ఆ పళ్ళు అమ్మ ఎప్పుడూ తినలేదు. ఎందుకో నేనూ అడగలేదు.

వారం రోజుల్లో నాటకం రాసేశాను. అమ్మ పాత్రకి సత్తెనపల్లి అమ్మాయి సిద్దికాని తీసుకున్నాను. సన్నగా, మెతగ్గా ఉంటుంది గానీ స్టేజీ ఎక్కితే మరో మనిషి. మాణిక్యమ్మ పాత్రకి గీతాంజలి. లైట్లు ఇలియాస్. మంటల సీను కోసం ఎర్రటి లైట్లు, పొగ యంత్రం, గుండెలు అదిరే డప్పు. సిద్దికా గుమ్మం దాటి బయటికొచ్చి, ఆగి, పిడికిళ్ళు బిగించి, మళ్ళీ ఆ ఎరుపులోకి నడిచి వెళ్తుంది. స్క్రిప్టు చదివి మా దుర్గాప్రసాద్ సార్ అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బాగుందమ్మా. కానీ ఈవిడకి భయం వెయ్యదా?"

"మా అమ్మ అంతేనండి" అన్నాను గర్వంగా.

"నాటకాల్లో అంతే అయిన మనుషులని నేను నమ్మను" అన్నారాయన. కానీ వద్దనలేదు.

రిహార్సల్సు మొదలయ్యాక తేలిన మొదటి ఇబ్బంది సిద్దికా చేతులు. తొడిమలు తీస్తుంటే జడ వేస్తున్నట్టుగా ఉంది. మేం ఎంత చెప్పినా కుదరలేదు. ఒక శనివారం అమ్మకి పని లేకపోతే బతిమాలి బస్సెక్కించాను. మా యూనివర్సిటీ గేటు లోపలికి అమ్మ రావడం అదే మొదలు. చెప్పులు ఆడిటోరియం బయట విడిచింది. ఫర్వాలేదన్నా వినలేదు. రెండు కేజీల తేజ రకం మిరపకాయలు సంచిలో తెచ్చింది. స్టేజీ మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, సిద్దికాని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"కాయని చూడబాకమ్మా. చూస్తే సాయంత్రానికి పది కేజీలు కూడా అవ్వదు. వేలికి తెలుసుద్ది. బొటనవేలి గోరు తొడిమ కింద పెట్టు. తిప్పమాక. వంచు. ఆఁ... టప్పుమంది చూడు. ఆ చప్పుడు రావాలి."

మొత్తం బృందం తుమ్ముతూ దగ్గుతూ చుట్టూ చేరింది. రెండు గంటల తర్వాత సిద్దికా నాతో మాట్లాడుతూనే, కాయల వంక చూడకుండానే తొడిమలు తీస్తోంది. వేళ్ళు మంటలెత్తి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా ఆపలేదు. అమ్మ కొంగున కట్టుకొచ్చిన చిన్న సీసా విప్పి ఆ పిల్ల వేళ్ళకి ఆముదం రాసింది.

అంతటితో ఇంటికి తీసుకెళ్ళిపోతే బాగుండేదేమో. కానీ నాకు చూపించాలని ఉంది. తన కథని ఎంత గొప్పగా తయారుచేశానో అమ్మ చూడాలని ఉంది. మూడో వరసలో కూర్చోబెట్టి, "మంటల సీను వేద్దాం" అన్నాను. డప్పు మోగింది. ఎర్ర లైటు వెలిగింది. సిద్దికా పిడికిళ్ళు బిగించి మంటల్లోకి నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మ కొట్టలేదు. లేచి నెమ్మదిగా స్టేజీ దగ్గరికొచ్చి సిద్దికాతో, "నువ్వు బాగా చేశావమ్మా. తప్పు నీది కాదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "పోదాం పద" అంది.

బయట మెట్ల మీద చెప్పులు వేసుకోబోయి, వేసుకోకుండా అక్కడే కూర్చుంది. నాలుగు దాటింది. హైవే మీద టిక్కీలు కట్టిన లారీలు గుంటూరు వైపు పోతున్నాయి. బిగించి కుట్టిన మిర్చి బస్తాలని మేం టిక్కీలంటాం. అమ్మ చాలాసేపు వాటినే చూసింది.

"నేను లోపలికి పోలేదు శాంతీ" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎక్కడికి?"

"ఆ రోజు. దాని కోసం నేను లోపలికి పోలేదు." గొంతు సవరించుకోబోయింది. ఆ గొంతు సవరించుకుంటే సర్దుకునేది కాదు. "ఇద్దరం కలిసే లేచాం. పొగలో ఏం కనపడక చేతులు పట్టుకున్నాం. మాణిక్యం కాళ్ళ మీద టిక్కీల వరస కూలింది. లాగా. రాలా. మళ్ళీ లాగా. పైన రేకు ఊడి పడింది. అది నా చెయ్యి వదలటంలా. 'ప్రేమా, ప్రేమా' అంటంది. నేను విదిలించుకున్నా."

అమ్మ చెప్పులు దగ్గరికి లాక్కుంది.

"గడప దాకా వచ్చి వెనక్కి తిరిగా. పోవడానిక్కాదు. చూడటానికి. అంతవరకే నాకు తెలుసు. మళ్ళీ కళ్ళు తెరిచింది ఆస్పత్రిలోనే. అప్పటికే మీ నాన్న అందరికీ చెప్పేశాడు. తల లోపలికి పెట్టి పడి ఉందంట, దాని కోసం పోయిందంట అని. నాకు మూడు నెల్లు మాట రాలా. మాట వచ్చేసరికి ఎవరికీ నా మాటతో పని లేకుండా పోయింది."

"మరి యలమందయ్య మామయ్యకి?"

"ఏటా చెబుదామనే అనుకుంటా. పళ్ళు చేతిలో పెడతాడు."

నిజం చెప్పాలి. ఆ క్షణాన నాకు అమ్మ మీద జాలి కలగలేదు. సిగ్గేసింది. రాసినందుకు నా మీద సిగ్గు. కాస్త అమ్మ వల్ల కూడా సిగ్గు. ఆరేళ్ళుగా ఎవరి కూతురినని తలెత్తుకు తిరిగానో ఆ మనిషి లేదని తెలిసినట్టయింది. "నాటకం ఆపేస్తాలే" అన్నాను, ఆమె ముఖం చూడకుండా.

"ఆపమని ఎవరన్నారు? జరిగింది వెయ్యి" అంది అమ్మ. చెప్పులు వేసుకుని బస్టాపు వైపు నడిచింది.

రెండు రోజులు కాలేజీకి వెళ్ళలేదు. మూడో రోజు వెళ్ళి బృందాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. అమ్మే చెప్పమంది. డప్పు వద్దు, పొగ యంత్రం వద్దు అన్నాను. దుర్గాప్రసాద్ సార్, "మీ అమ్మగారు ఎప్పుడైనా మళ్ళీ వస్తారా? నేను నమస్కారం పెట్టుకోవాలి" అన్నారు.

సిద్దికా మా ఇంటికి ఫోను చేసి అమ్మతో ఏం మాట్లాడిందో తెలియదు. తర్వాతి శనివారం అమ్మ నేను పిలవకుండానే బయల్దేరింది.

ఆ వారమంతా మేం ఆ సీనుతో కుస్తీ పడుతున్నాం. గీతాంజలి బస్తాల కింద నుంచి చెయ్యి పట్టుకుంటుంది. సిద్దికా విడిపించుకోవాలి. ఎన్నిసార్లు చేసినా అబద్ధంగానే ఉంది. మెల్లగా విడిపించుకుంటే ఏడుపు సినిమాలా ఉంది. గట్టిగా గుంజితే విలనులా ఉంది. చివరికి సిద్దికా నేరుగా అడిగేసింది.

"ఆంటీ, చెయ్యి ఎలా విడిపించుకున్నారు? నాకు తెలియట్లేదు."

అలాంటి ప్రశ్న దర్శకురాలిగా నేను అడగాల్సింది. కూతురిని కాబట్టి అడగలేకపోయాను. అమ్మ సిద్దికా ముఖంలోకి చూసింది. ఆ పిల్ల చూపు తిప్పుకోలేదు.

"రామ్మా" అంది అమ్మ గీతాంజలితో. "ఇక్కడ పడుకో. పట్టుకో. అట్టా కాదు, రెండు చేతుల్తో. నిజంగా పట్టుకో."

గీతాంజలి పట్టుకుంది. అమ్మ ఒకసారి లాగింది. రెండోసారి లాగింది. రెండోసారి ఆమె మడమలు స్టేజీ చెక్కల మీద జారడం నాకు వినపడింది. తర్వాత ఒక్క క్షణం పైకి చూసింది. పైన ఇలియాస్ కట్టిన లైట్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు ఆమె మణికట్టు గీతాంజలి బొటనవేళ్ళ వైపుకి గిర్రున తిరిగింది. తొడిమ వంచినంత తేలిగ్గా. చెయ్యి ఊడొచ్చింది. అమ్మ పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లు పట్టుకుని ఎక్కే మా అమ్మ ఆ నాలుగడుగులూ పాతికేళ్ళ పిల్లలా పరిగెత్తింది. మేం పెట్టిన గుమ్మం చట్రం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

ఆ ముఖం నేను వర్ణించలేను. రెండేళ్ళు అభినయం చదువుకున్నాను. ఏ భావానికి కనుబొమలు ఎలా ఉండాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో పరీక్షల్లో రాశాను. వాటిలో ఒక్కటీ ఆ ముఖంలో లేదు. బతికిపోయానన్నది ఉంది. బతికిపోయానని తెలుసుకోవడమూ ఉంది. రెండూ ఒకేసారి ఒకే ముఖంలో పట్టడం అప్పటిదాకా నేను చూడలేదు. పైన నిచ్చెన మీదున్న ఇలియాస్ నిచ్చెనని రెండు చేతులతో వాటేసుకున్నాడు. సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నాలో సిగ్గు అనేది ఏదైనా మిగిలి ఉంటే అది అక్కడ, ఆ నిమిషంలో పోయింది. ఈమెని నేను కథగా రాయగలననుకున్నానా అనిపించింది.

"అంతే" అంది అమ్మ, ఉన్నచోటే కూలబడి.

సిద్దికా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు, ఓదార్చలేదు. మిర్చి సంచి దగ్గరికి లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. కాసేపటికి అమ్మ చేతులు కూడా కాయల మీదికి వెళ్ళాయి. ఇద్దరూ అలా అరగంట తొడిమలు తీశారు. టప్, టప్ అని ఆ చప్పుడొక్కటే హాలంతా. గీతాంజలి బొటనవేలి మొదట్లో ఎర్రగా కందింది. వెళ్ళేటప్పుడు అమ్మ ఆ చెయ్యి తీసుకుని ఆముదం రాస్తుంటే, "నొప్పేం లేదాంటీ, నిజంగా లేదు" అంటూ ఆ పిల్లే ఏడ్చింది.

ఇంట్లో నాన్నకి తెలిసిన రోజు పెద్ద గొడవే అయింది.

"నిన్నెవరు అడిగారే ఇప్పుడు?" అని కంచం ముందు నుంచి లేచాడు. "ఆరేళ్ళు యార్డంతా చెప్పుకున్నా. నా పెళ్ళాం ఇట్టాంటిదిరా అని చెప్పుకున్నా. రేపు యలమంద మొహం ఎట్టా చూడమంటావ్?"

"ఆ కథ నేను చెప్పమన్లేదుగా" అంది అమ్మ.

"చెప్పొద్దని కూడా అన్లేదుగా!"

ఆ తర్వాత వారం రోజులు నాన్న మా ఇద్దరితో మాట్లాడలేదు. వండింది తినేవాడు, పనికి పోయేవాడు. ఆదివారం చర్చిలో కూడా మాకు దూరంగా కూర్చున్నాడు.

ఒక సాయంత్రం రిహార్సలు మధ్యలో ఆడిటోరియం చివర ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించి చూస్తే నాన్న. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. మేం అప్పుడు బస్తాలు కూలే ఘట్టం చేస్తున్నాం. గీతాంజలికి దెబ్బ తగలకూడదని సంచుల్లో థర్మోకోల్ ముక్కలు కుక్కాను. అవి పడితే దిండ్లలా ఎగిరి దొర్లుతున్నాయి. నాలుగోసారి దొర్లాక నాన్న వెనక నుంచి అరిచాడు.

"బస్తా అట్టా పడదు!"

గబగబా నడిచొచ్చి స్టేజీ ఎక్కాడు. సంచులు విప్పించాడు. మర్నాడు ఊక తెప్పించి నింపాడు. అడుగు బస్తాలు స్టేజీకి కట్టేశాడు. పై వరసకి తాడు వేసి, లాగితే గీతాంజలికి జానెడు అవతల, కానీ చూసేవాళ్ళకి సరిగ్గా ఆమె మీదే పడ్డట్టు కుదిర్చాడు. పాతికేళ్ళు వీపు మీద బరువు మోసిన మనిషికి ఏ బరువు ఎటు ఒరుగుతుందో తెలుసు. తాడు ముడేస్తూ, నా వైపు చూడకుండా, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"ఆస్పత్రి వరండాలో రెండ్రోజులు కూర్చున్నా. అది బతుకుద్దో లేదో ఎవరూ చెప్పరు. ఏదో ఒకటి పట్టుకుని ఉండాలిగా మనిషి. ఆ కథ పట్టుకున్నా."

"నాటకం రోజు ఆ తాడు నువ్వే లాగు నాన్నా" అన్నాను.

"మరి మీకెవరికొచ్చు?" అన్నాడు.

ఇక మిగిలింది యలమందయ్య మామయ్య. ఆయన హాల్లో కూర్చుని పదిమందిలో ఇది తెలుసుకోకూడదు. ఆ మాట నేను అనేలోపే అమ్మ అంది, "ముందు నేను చెప్పాలి" అని.

నాటకానికి ముందు రోజు మధ్యాహ్నం ఇద్దరం యార్డుకి వెళ్ళాం. మార్చి ఎండ. ఎక్కడ చూసినా ఎరుపే. మామయ్య లారీ నీడలో కూర్చుని టీ తాగుతున్నాడు. అమ్మని చూసి, "ఏం చెల్లెమ్మా, ఇట్టా వచ్చావ్?" అని లేవబోయాడు. అమ్మ కూర్చోమని సైగ చేసి పక్కనే కూర్చుంది.

కాటాల మోత, లారీల హారన్లు, ముఠా మేస్త్రీల కేకలు. ఆ గోలలో అమ్మ గొంతు వినపడదు. మామయ్య వంగి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. నేను నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. మాటలు నాకు వినపడలేదు. అమ్మ పెదాలు కదలడం, మామయ్య చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోవడం కనిపించాయి. మధ్యలో అమ్మ ఒకసారి తన కుడి చెయ్యి ఎత్తి మణికట్టు చూపించింది.

చెప్పడం అయిపోయింది. మామయ్య గ్లాసు కింద పెట్టాడు. తలగుడ్డ బిగించాడు. లారీ దగ్గరికి వెళ్ళి వీపు వంచితే పైనున్నవాళ్ళు టిక్కీ పెట్టారు. అది మోసుకుంటూ కాటా వైపు వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు. అవతల నాన్న చేతులు కట్టుకుని నిలబడి నేలని చూస్తున్నాడు.

"ఏమన్నాడు?" అన్నాను బస్సులో.

"విన్నాడు" అంది అమ్మ.

నాటకం సాయంత్రం ఆరున్నరకి. కాలనీ వాళ్ళు మినీ లారీ కట్టుకుని వచ్చారు. షెడ్డులో ఆ రోజు అమ్మతో పాటు పరిగెత్తిన ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. పాస్టరు గారు వచ్చారు. మామయ్య రాలేదు. ఒక పక్క ఊపిరి పీల్చుకున్నాను. ఇంకో పక్క ఏదో జారిపోయినట్టయింది. నేను లైట్ల దగ్గర ఇలియాస్ పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి స్టేజీ, జనం రెండూ కనిపిస్తాయి.

నాటకం మొదలైన పది నిమిషాలకి పక్క తలుపు తెరుచుకుంది. యార్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. చొక్కా భుజాల మీద ఎర్రటి ధూళి అలాగే ఉంది. మామయ్య మొదటి వరస చివరి కుర్చీలో కూర్చున్నాడు. మూడో వరసలో ఉన్న అమ్మ ఆయన్ని చూసింది.

స్టేజీ మీద సిద్దికా, గీతాంజలి తొడిమలు తీస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. నవ్వుతున్నారు. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. డప్పు లేదు, పొగ లేదు. దూరంగా ఎవరో కేక వేశారు. లైటు కొద్దిగా మారింది. ఇద్దరూ లేచి చేతులు పట్టుకున్నారు. స్టేజీ వెనక నాన్న తాడు లాగాడు. బస్తాలు కూలిన చప్పుడుకి హాల్లో ఎవరో కెవ్వుమన్నారు. సిద్దికా ఒకసారి లాగింది. రెండోసారి లాగింది. పైకి చూసింది. మణికట్టు తిరిగింది. పరిగెత్తింది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

అక్కడ ఆమె నలభై లెక్కపెట్టేవరకు కదలకుండా నిలబడాలి. అప్పుడు ఇలియాస్ లైటు తగ్గించుకుంటూ రావాలి. అదీ నేను రాసుకున్న ముగింపు.

ఇరవై అయింది. సిద్దికా అమ్మని అనుకరించడంలేదు. అమ్మ ముఖంలో నేను చూసినదే ఎలాగో తన సొంత దారిన వెతుక్కుని అక్కడికి చేరుకుంది.

ఇరవై అయిదు దగ్గర మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది. యలమందయ్య మామయ్య లేచి నిలబడ్డాడు.

"పోమ్మా" అన్నాడు.

లారీల మోతలో కేకలు వేసి వేసి రాటుదేలిన గొంతు. కానీ ఆ మాట మెల్లగా అన్నాడు. స్టేజీ మీది పిల్లతోనే అన్నాడు.

"పో తల్లీ. ఇంకా నిలబడ్డావేంది? అది ఇంక రాలేదు. నువ్వు పో."

ఇలియాస్ నా వైపు చూసి, "తగ్గించనా?" అన్నాడు. నేను స్టేజీనే చూస్తున్నాను. అప్పుడు సిద్దికా చేసిన పని నేను ఏ జన్మలోనూ ఎవరికీ నేర్పలేను. ఆమె మామయ్య వైపు చూడలేదు. విన్నది. బిగుసుకున్న భుజాలు మెల్లగా కిందికి దిగాయి. చాలాసేపు నీళ్ళలో మునిగినవాళ్ళు తేలినట్టు ఒక్క ఊపిరి తీసుకుంది. తర్వాత వెనుదిరిగి, గడప దాటి, మేం ఏ సెట్టూ వెయ్యని ఆ ఖాళీ చెక్కల మీద నుంచి తెర పక్కకి నడిచి వెళ్ళిపోయింది. ఖాళీ గుమ్మం మీద లైటు అలాగే ఉండిపోయింది. బస్తాల కింద చనిపోయిన మనిషిగా పడుకున్న గీతాంజలి మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

నేను అమ్మ కోసం చూశాను. అమ్మ స్టేజీ వైపు చూడటంలేదు. మామయ్యని చూస్తోంది. ఆయన కూర్చుని తలగుడ్డ ముఖం మీద కప్పుకున్నాడు. అమ్మ లేచి, వరసలో వాళ్ళ కాళ్ళు తప్పించుకుంటూ వెళ్ళి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది. ఇలియాస్ ఎప్పుడు లైటు ఆర్పాడో నాకు గుర్తులేదు.

వేరే డిపార్ట్‌మెంటు ప్రొఫెసరు ఒకాయన తర్వాత నా దగ్గరికొచ్చి, "ప్రేక్షకుల్లో ఒక ఆర్టిస్టుని కూర్చోబెట్టడం మంచి ఆలోచనమ్మా. భలే నటించాడు" అన్నారు. "నేను కూర్చోబెట్టలేదండి" అన్నాను. ఆయన నవ్వి భుజం తట్టి వెళ్ళిపోయారు. నలభై రోజులు ప్రతి అడుగూ ప్రతి ఊపిరీ కొలిచి పెట్టుకున్న నాటకంలో నిలిచిపోయిన మాట నాది కాదు. నాకు అందులో చిన్నతనం అనిపించలేదు. అంత పెద్దదానికి గుమ్మం కట్టి లైటు పెట్టే పని నాకు దక్కింది.

సెట్టు విప్పి సామాను అప్పజెప్పి, ఆ పూటకి హాస్టల్లో సిద్దికా గదిలోనే ఉండిపోయాను. మర్నాడు పొద్దున ఇల్లు చేరేసరికి వాకిట్లో మూడు టీ గ్లాసులు, రెండు కుర్చీలు. కుర్చీల్లో నాన్న, యలమందయ్య మామయ్య, గడప మీద అమ్మ. సందు మలుపులోనే నాకు ఒక చప్పుడు వినపడింది. ఎవరికో దగ్గు తెర వచ్చిందనుకున్నాను. దగ్గరికొచ్చి చూస్తే అమ్మ నవ్వుతోంది. ఆ గొంతులో నవ్వు అలా ఉంటుందని నాకు తెలియదు.

"దానికి నోరెక్కువ చెల్లెమ్మా" అంటున్నాడు మామయ్య. "ఇంట్లో కూడా అంతే."

"నాకు చెబుతావేంది అన్నయ్యా? పన్నెండేళ్ళు పక్కన కూర్చున్నా. తాగే నీళ్ళు వేడిగా ఉన్నాయని ముఠా మేస్త్రిని నిలబెట్టి ఆ నీళ్ళే తాగించిందిగా."

"ఎప్పుడు? నాకు చెప్పలేదే!"

"నీకు చెబితే తిడతావని చెప్పలా."

నాన్న అందుకుని, "ఆ మేస్త్రి ఆ నెలంతా షెడ్డు వైపు రాలేదు. నేను చూశాగా" అన్నాడు.

ఆరేళ్ళలో మాణిక్యమ్మ గురించి మా ఇంట్లో నేను విన్నదంతా ఆమె పోయిన ఆ ఒక్క గంట గురించే. ఆమెకి నోరెక్కువని కూడా నాకు తెలియదు. నాటకంలో ఆమెకి నేను రాసిన మాటలన్నీ మెతక మాటలు.

అమ్మ నన్ను చూసి పక్కకి జరిగి గడప మీద చోటు చూపించింది.

"కూర్చో శాంతీ. అన్నయ్యా, పెళ్ళిచూపుల్లో అది నిన్ను ఎంత ఏడిపించిందో ఇందాక చెప్పావే, మళ్ళీ మొదట్నుంచి చెప్పు. ఇది వినలేదు."

మామయ్య టీ గ్లాసు కింద పెట్టి, కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.